కాలేజీ కల్చరల్ కమిటీ ఏడాది పొడుగునా నడవాలంటే

కల్చరల్ కమిటీ అనగానే చాలా కాలేజీల్లో గుర్తుకొచ్చేది వార్షికోత్సవం ఒక్కటే. జూలై నుంచి జనవరి దాకా ఏమీ ఉండదు. ఆ తర్వాత పదిహేను రోజులు క్లాసులు ఎగ్గొట్టి రిహార్సల్స్, ఒక రాత్రి హోరు, మర్నాడు ఖాళీ కుర్చీలు. స్టేజీ ఎక్కేది ఎప్పుడూ ఆ ఇరవై మందే. మిగతా వందల మంది మూడేళ్లూ కింద కూర్చుని చప్పట్లు కొట్టి డిగ్రీ తీసుకుని వెళ్లిపోతారు. ఇది మారాలంటే పెద్ద డబ్బు అక్కర్లేదు. వారానికి ఒక్క గంటన్నర, అదే రోజు, అదే గది, ఎవరు వచ్చినా రాకున్నా తప్పకుండా నడవాలి. నాటకం, పత్రిక, కోలాటం, కలంకారీ అన్నీ అక్కడినుంచే పుడతాయి. వార్షికోత్సవానికి విడిగా పరుగులు పెట్టాల్సిన పని కూడా తగ్గుతుంది.

ఇక్కడ చెప్పేది తిరుపతి, చిత్తూరు వైపు డిగ్రీ, యూనివర్సిటీ కాలేజీలకు సరిపోయేలా చెబుతున్నాం. ఈ ఊళ్ల వాన, పండగలు, బస్సులు అన్నీ లెక్కలోకి వస్తాయి.

ముందు క్యాలెండరు గీయండి

జూలై ఆఖరుకల్లా ఒక చార్టు మీద పన్నెండు నెలలూ గీసి, ముందు ఏం చేయకూడదో రాయండి. ఏం చేయాలో తర్వాత.

మొదట కొట్టేయాల్సినవి బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులు, వాటికి ముందూ వెనకా రెండేసి రోజులు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వస్తాయి. అధికమాసం వచ్చిన ఏడాది రెండు బ్రహ్మోత్సవాలు ఉంటాయి, అది పంచాంగంలో ముందే చూసుకోవాలి. ఆ రోజుల్లో బయటినుంచి వచ్చే జడ్జికి రూము దొరకదు, సౌండ్ సిస్టమ్ వాళ్లు దొరకరు, గరుడసేవ రోజైతే అలిపిరి వైపునుంచి కాలేజీకి వ్యాను రావడమే గగనం. మన పిల్లల్లోనే సగం మంది ఎన్.ఎస్.ఎస్. తరఫునో ఇంట్లో వాళ్లతోనో సేవకు వెళ్లి ఉంటారు.

రెండోది వాన. కోస్తా పైభాగంలో వాన జూలై, ఆగస్టుల్లో కొడుతుంది. మనకు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు మధ్యనుంచి డిసెంబరు దాకా. నవంబరు మరీ గట్టిగా ఉంటుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో అందరికీ తెలిసిందే. కాబట్టి ఆ మూడు నెలల్లో ఓపెన్ ఎయిర్ స్టేజీ, షామియానా అనే మాటే వద్దు. గదిలో జరిగేవి పెట్టుకోండి: చదవడం, రాయడం, నాటకం రిహార్సల్స్, పత్రిక పని.

మూడోది మిడ్ పరీక్షలు, సెమిస్టర్ పరీక్షలు. వాటికి ముందు వారం వారపు కూడిక ఉంటుంది కానీ కొత్త పని ఏదీ మొదలుపెట్టకూడదు.

ఇక మిగిలిన ఖాళీల్లో చేసేవి సర్దండి. ఆగస్టు మొదట్లో పేర్ల నమోదు, ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవానికి చిన్న సభ. సెప్టెంబరులో యువజనోత్సవం టీముల ఎంపిక. సంక్రాంతి సెలవుల ముందు ముగ్గులు, కోలాటం. జనవరి ఆఖరున, ఫిబ్రవరిలో ఎండ ఉంటుంది, ఉక్క ఉండదు. కలంకారీ వర్క్‌షాపుకూ బయటి స్టేజీకీ అంతకన్నా మంచి కాలం లేదు. ఫిబ్రవరి నెలాఖరులోగా వార్షికోత్సవం. ఉగాదికి కవి సమ్మేళనం, పత్రిక విడుదల. ఏప్రిల్ 16 తెలుగు నాటకరంగ దినోత్సవం, అప్పటికి పరీక్షలు తగులుకుంటాయి కాబట్టి ఒక సాయంత్రం నాటక పఠనంతో సరిపెట్టుకోవచ్చు.

మే నెలలో కాలేజీ ఉండదు. కానీ తాతయ్యగుంట గంగమ్మ జాతర మేలోనే వస్తుంది. ఊళ్లో ఉండే నలుగురికి ముందే చెప్పి ఉంచండి. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, ఏ రోజు వేషం ఆ రోజు ఫోటో తీసి, వేషం వేసుకున్న వాళ్ల అనుమతితో, ఒళ్లంతా ఏం పూసుకున్నారు, చేతిలో ఏం పట్టుకున్నారు అని రెండు వాక్యాలు రాసుకోవాలి. ఆగస్టులో కొత్త పిల్లలు వచ్చేసరికి మొదటి ప్రదర్శన గోడమీద సిద్ధంగా ఉంటుంది.

వారపు గంటన్నర

బుధవారం మధ్యాహ్నం 3 నుంచి 4:30 మంచి సమయం. సోమవారం ఊళ్లనుంచి రావడంలో, శనివారం పోవడంలో సగం మంది ఉండరు. సాయంత్రం 5 తర్వాత పెడితే రేణిగుంట, పుత్తూరు, చంద్రగిరి, శ్రీకాళహస్తి నుంచి వచ్చిపోయేవాళ్లకు బస్సు భయం. అమ్మాయిల హాస్టల్ గేటు వేళ కూడా చూసుకోవాలి. ఈ ఒక్క విషయం పట్టించుకోకపోవడం వల్లే చాలా కాలేజీల్లో కల్చరల్ కమిటీ అంటే హాస్టల్ అబ్బాయిల కమిటీగా మిగిలిపోయింది. ప్రిన్సిపాల్ గారిని అడగాల్సిన మొదటి పర్మిషన్ ఇదే: బుధవారం ఆఖరి పీరియడ్, ఒక గది, ఏడాది మొత్తానికి ఒకే లెటరు.

గదిలో బెంచీలు పక్కకు జరిపి చాపలు వేయండి. 40 మందికి 6×4 అడుగుల చాపలు 10 చాలు. మొదటి 10 నిమిషాలు ఎవరైనా ఒకరు ఒక పాటో పద్యమో. తర్వాత 30 నిమిషాలు ఆ వారం విషయం: ఒక కథ చదవడం, ఒక రాగం వినిపించడం, మైమ్ (మాటల్లేని అభినయం) చేయించడం, ఏదో ఒకటి, ఒక్కటే. తర్వాతి 35 నిమిషాలు చిన్న గుంపులుగా చేతిపని, అంటే పాట గుంపు, నాటకం గుంపు, బొమ్మల గుంపు, పత్రిక గుంపు. చివరి 15 నిమిషాలు తిండి, కబుర్లు. ఆ 15 నిమిషాలూ కోసేయొద్దు. మొదటి నెలలో నోరు విప్పని పిల్ల రెండో నెలలో పాడేది ఆ బొరుగుల దగ్గర కుదిరిన స్నేహం వల్లే.

40 మందికి మసాలా బొరుగులు కలపడానికి బొరుగులు 1 కిలో, ఎర్రగడ్డలు అర కిలో, టమోటాలు అర కిలో, వేయించిన శెనక్కాయలు పావు కిలో, పచ్చిమిరపకాయలు 50 గ్రాములు, నిమ్మకాయలు 6, కొత్తిమీర పెద్ద కట్ట ఒకటి. అన్నీ తరిగి విడివిడిగా ఉంచి, పంచడానికి రెండు నిమిషాల ముందే కలపాలి. ముందే కలిపితే టమోటా నీళ్లకు బొరుగులు మెత్తబడి ముద్దవుతాయి. టమోటా గింజలు పిండేస్తే ఇంకో ఐదు నిమిషాలు ఆగుతాయి.

మన వైపు ఇంకో సంగతి ఉంది. నగరి, పుత్తూరు, చిత్తూరు నుంచి వచ్చే పిల్లల్లో ఇంట్లో అరవం మాట్లాడేవాళ్లు చాలామంది. తెలుగు చదవమంటే బెదురుతారు. వాళ్లను ముందు వాళ్ల అమ్మమ్మ పాడే పాట పాడమనండి, అర్థం తెలుగులో చెప్పించండి. మదనపల్లె, పలమనేరు వైపు వాళ్లకు కన్నడ మాటలు తెలుస్తాయి. ఉర్దూ మాట్లాడే ఇళ్లూ ఉన్నాయి. ఇంతమంది ఒక గదిలో ఉండగా అందరిచేతా ఒకే సినిమా పాటకు డాన్స్ చేయించడం ఎంత నష్టమో ఆలోచించండి.

ఫ్రెషర్స్ డే

పొడుగు వద్దు. రెండున్నర గంటలు చాలు. కొత్తవాళ్లను పేరు పిలిచి స్టేజీ ఎక్కించి ‘ఏదో ఒకటి చెయ్యి’ అని నిలబెట్టే పద్ధతి మానేయండి. బలవంతంగా ఆడించినా పాడించినా అది ర్యాగింగ్ కిందికే వస్తుంది, మన రాష్ట్రంలో 1997 నుంచి చట్టం ఉంది. ముందు వారమే ఒక పెట్టె పెట్టి, ఇష్టమైనవాళ్లు చీటీ వేయాలని చెప్పండి. చీటీలో పేరు, ఊరు, వచ్చిన కళ, నేర్చుకోవాలనుకునే కళ, ఈ నాలుగే. ఏడాదంతా ఆ చీటీలే మీ ఆస్తి. నేర్చుకోవాలనుకునే కళ అన్న గడిని ఎక్కువ శ్రద్ధగా చదవండి.

యువజనోత్సవం టీములు

భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం జరిపే అంతర విశ్వవిద్యాలయ యువజనోత్సవానికి మెట్లు ఇవి: ముందు యూనివర్సిటీ స్థాయి, తర్వాత జోన్ స్థాయి, తర్వాత జాతీయం. సంగీతం, నృత్యం, సాహిత్యం, నాటకం, లలిత కళలు అని ఐదు విభాగాలు. తేదీలు ఏటా మారతాయి, సర్క్యులర్ వచ్చాక సిద్ధమవుదామంటే పది రోజులు కూడా మిగలవు. నిబంధనలు ముందే తెలుసుకుని సెప్టెంబరు నుంచే ఆ కొలతలకు అలవాటు పడాలి. ఏకాంకిక 30 నిమిషాలు, స్టేజీ మీద 9 మంది దాటకూడదు. స్కిట్ 10 నిమిషాలు, 6 మంది. మైమ్ 5 నిమిషాలు, 6 మంది. జానపద నృత్యం 10 మంది, 10 నిమిషాలు. ఆ ఏడాది నిబంధనల పుస్తకం రాగానే ఈ అంకెలు మరోసారి సరిచూసుకోండి, వయసు నిబంధన కూడా.

టీములు ఓడిపోయేది ప్రతిభ లేక కాదు. టైము దాటడం, సినిమా పాట పాడటం, టెన్త్ సర్టిఫికెట్ కాపీ మరిచిపోవడం, ఈ మూడిటి దగ్గర చాలామంది పోతారు. ఒక్కో సభ్యుడికి ఒక ప్లాస్టిక్ ఫోల్డరు: టెన్త్ మెమో, కాలేజీ ఐడీ, ఫోటోలు 4, బోనఫైడ్. అన్నీ ఒకరి దగ్గరే ఉండాలి.

నాటకం

30 నిమిషాల ఏకాంకికకు 30 రోజులు, రోజుకు రెండు గంటలు పెట్టుకోండి. స్క్రిప్టు గట్టిగా చదివితే 22 నిమిషాలు దాటకూడదు. కదలికలు, మౌనాలు, నవ్వులు చేరి అది 27 అవుతుంది. చదవడానికే 28 పట్టే స్క్రిప్టును తర్వాత నరుకుదాంలే అని మొదలుపెడితే మూడో వారంలో ఎవరి డైలాగు పోవాలని గొడవలొస్తాయి.

మొదటి వారం కూర్చుని చదవడమే. పాత్రలు పంచకండి, రోజూ మార్చి మార్చి చదివించండి. ఎవరి నోట ఏ మాట పలుకుతుందో నాలుగో రోజుకు అందరికీ తెలిసిపోతుంది, పాత్రల మీద అలకలు తగ్గుతాయి. రెండో వారం స్టేజీ కొలత నేలమీద సున్నంతో గీసి కదలికలు. 24×20 అడుగులు గీయండి. ప్రాపర్టీలు లేకపోతే కుర్చీలు పెట్టుకోండి. మూడో వారం మొదటి రోజునుంచి చేతిలో కాగితం ఉండకూడదు. పక్కన ఒకరు అందిస్తారు. ఫోనులో స్క్రిప్టు చూసి బట్టీ పట్టే అలవాటు ఇప్పుడు ఎక్కువైంది. దాంతో తన డైలాగే వస్తుంది కానీ ఎదుటివాడి మాట చెవికెక్కదు. చేత్తో రాయించండి, ఎదుటివాడి ఆఖరి మాట ఎర్ర సిరాతో. నాలుగో వారం దుస్తులు, సంగీతం, లైట్లతో. ప్రతి ముఖ్య పాత్రకూ ఆ డైలాగులు వచ్చిన ఇంకొకరు ఉండాలి, ఎందుకంటే మిడ్ పరీక్షో జ్వరమో ఎవరినో ఒకరిని తప్పక లాగేస్తుంది.

గొంతు సంగతి. మైకు ముందు పెరిగిన పిల్లలకు గొంతు దాచుకోవడం తెలుసు, విసరడం తెలియదు. దీనికి మన జిల్లాల్లోనే బడి ఉంది. వేసవిలో ద్రౌపదమ్మ గుళ్ల ముందర భారతం జరిగే ఊళ్లు ఎన్నో ఉన్నాయి. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం తెల్లవారే దాకా. ఆఖరి రోజున దుర్యోధన వధ, సాయంత్రం నిప్పులు తొక్కడం. ఒక్క రాత్రి పదిమందిని తీసుకెళ్లి కూర్చోబెట్టండి. తెర పట్టుకుని ఇద్దరు నిలబడతారు. తెర వెనకనుంచి ముందు గజ్జెల చప్పుడు, తర్వాత దరువు, తర్వాత కిరీటం అంచు కనిపిస్తుంది. మనిషి మొత్తం కనిపించేసరికి జనం అప్పటికే ఆ పాత్రలోకి వెళ్లిపోయి ఉంటారు. ఒక పాత్ర ఎలా ప్రవేశించాలో అంతకన్నా బాగా ఏ వర్క్‌షాపులోనూ నేర్పరు. వెళ్లేటప్పుడు చాప, దుప్పటి, నీళ్లు తీసుకెళ్లాలి, ఇళ్లల్లో రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, ఒక మేడమ్, ఒక సర్ తోడుండాలి. కళాకారులకు చదివింపులు మర్చిపోవద్దు.

కలంకారీ ఒక రోజు

శ్రీకాళహస్తి మనకు గంట ప్రయాణం. వెదురు కలంతో గుడ్డమీద బొమ్మలు గీసే అక్కడి చేతి కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జి.ఐ.) ఉంది. అలాంటిది తిరుపతిలో మూడేళ్లు చదివి కలం ఒక్కసారి పట్టకుండా వెళ్లే పిల్లలు వేలమంది. ఒక కళాకారుణ్ణి, ఒక సహాయకుణ్ణి పిలిచి 40 మందికి ఒక రోజు శిబిరం నడపడం కష్టం కాదు.

గుడ్డ మీరు సొంతంగా శుద్ధి చేసే ప్రయత్నం చేయకండి. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి, పిండి, ఎండబెట్టిన నూలు గుడ్డ కళాకారుల దగ్గరే దొరుకుతుంది, నెల ముందే చెప్పి ఉంచాలి. 44 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డ ఐదున్నర మీటర్లు తీసుకుంటే, 14×14 అంగుళాల ముక్కలు అడ్డంగా 3, నిలువుగా 15, మొత్తం 45 వస్తాయి. 40 మందికి పోగా 5 మిగులుతాయి, పాడుచేసుకున్న వాళ్లకు.

కలం అంటే సన్నని వెదురు పుల్ల. ఒక కొన చెక్కి, మధ్యలో చిన్న చీలిక పెడతారు. కొనకు పైన రెండు అంగుళాల దూరంలో ఉన్నిగానీ గుడ్డపీలికగానీ బుడిపెలా చుట్టి దారంతో బిగిస్తారు. బుడిపె సిరా పీల్చుకుంటుంది. వేళ్లతో దాన్ని మెల్లగా నొక్కుతుంటే సిరా కొనకు దిగుతుంది. గట్టిగా నొక్కితే చుక్క రాలి మరక పడుతుంది, నొక్కకపోతే గీత మధ్యలో ఆగిపోతుంది. మొదటి గంట పాత కాగితం మీద గీతలే గీయించండి. అడ్డగీతలు 20, నిలువు 20, వంపులు 20. బొమ్మకు తొందరపడితే గుడ్డంతా మచ్చలే.

నల్ల సిరాను కసిమి అంటారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో రెండు మూడు వారాలు పులియబెట్టి తీస్తారు. గిన్నెలో చూస్తే అది తుప్పు రంగు నీళ్లలా ఉంటుంది, పిల్లలు ‘ఇదేం నలుపు?’ అంటారు. గుడ్డమీద గీయగానే ఆ గీత వాళ్ల కళ్లముందే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరు, సిరాలోని ఇనుము కలిసినందుకు వచ్చే నలుపు అది. కెమిస్ట్రీ వాళ్లను తప్పక పిలవండి, వాళ్ల ల్యాబులో ఉన్న పాఠం ఇక్కడ చేతిలో కనిపిస్తుంది. గుడ్డలోని పాల జిడ్డు వల్ల సిరా పక్కకు పాకదు. అయితే గుడ్డ చెమ్మగా ఉంటే పాకుతుంది. నవంబరులో ఈ శిబిరం పెట్టొద్దనేది అందుకే.

ముందు చింతపుల్ల కాల్చిన బొగ్గుతో పలచగా గీసుకుని, దానిమీద కసిమితో గీయాలి. ఒక్కరోజులో ఇంతవరకే అవుతుంది. ఎరుపు రావాలంటే పటిక పూయడం, రంగు నీళ్లలో ఉడికించడం, పారే నీళ్లలో ఉతకడం, ఎండబెట్టడం ఉంటాయి. వాటిని కళాకారుడి ఇంటి దగ్గరే, పదేసి మంది చొప్పున వెళ్లి చూడటం మేలు. పారితోషికం అదే రోజు చేతికివ్వండి. బిల్లు పాసయ్యాక పంపిస్తామంటే మరుసటేడు ఆయన రారు, రావాలనడం న్యాయమూ కాదు.

కోలాటం

16 మందితో మొదలుపెట్టండి. కర్రలు 32, విరిగితే వాడటానికి 4. పొడవు 14 అంగుళాలు, బొటనవేలు లావు, అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి. వెలుపలి వలయం 20 అడుగుల వెడల్పుకు రావాలి, చుట్టూ ఇంకో రెండు అడుగులు ఖాళీ. మొదటి నాలుగు రోజులు పాట వద్దు. ఒకటి రెండు మూడు నాలుగు అని నోటి లెక్క, కాళ్లు మాత్రమే. తర్వాత కర్రలు. కర్ర పై మూడో భాగంలోనే తగలాలి, మధ్యలో కొడితే ఎదుటివాళ్ల వేళ్లు నలుగుతాయి. అసలు పాటను సగం వేగంతో మొదలుపెట్టి మూడు మెట్లలో పెంచండి. ఒకరు రాకపోతే జత పోయి వలయమంతా చెదిరిపోతుంది, అందుకని 18 మందికి నేర్పి 16 మందిని దింపండి. నేర్పడానికి యూట్యూబ్ వద్దు. చుట్టుపక్కల ఏ ఊళ్లో చూసినా భజన గుడిలో కోలాటం, చెక్కభజన గురువులు ఉన్నారు, వాళ్లను పిలవండి.

శాస్త్రీయ సంగీతం, నాట్యం కోసమైతే టి.టి.డి. వారి శ్రీ వెంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఊళ్లోనే ఉంది. మహతి ఆడిటోరియంలో, అన్నమాచార్య కళామందిరంలో కచేరీలు జరుగుతుంటాయి. నెలకొకసారి బుధవారం కూడికను అక్కడికి మార్చేయొచ్చు.

స్టేజీ రోజు మైకులు, కరెంటు

300 మంది హాలుకు రెండు టాప్ స్పీకర్లు, రెండు బేస్‌లు, 12 చానళ్ల మిక్సరు, కార్డ్‌లెస్ మైకులు 2, వైరు మైకులు 6 చాలు. స్పీకర్లు ఎప్పుడూ మైకుల కంటే ముందు, స్టేజీ అంచు గీతలో ఉండాలి. స్పీకరు వెనక్కి జరిగి, దాని ముందుకు మైకు వెళ్లిందంటే కుయ్యిమని కూత మొదలవుతుంది. అప్పుడు మైకును చేత్తో మూసేస్తారు చాలామంది. మూస్తే కూత పెరుగుతుంది. పక్కకు జరగాలి, లేదా మిక్సరు దగ్గర ఆ చానల్ తగ్గించాలి. కార్డ్‌లెస్‌లకు కొత్త బ్యాటరీలు మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి వేయండి, ఇంకా ఉందిలే అనుకున్నది ముఖ్య అతిథి మాట్లాడేటప్పుడే ఆగుతుంది.

పాటలు ఫోనునుంచి వేయొద్దు. తప్పనిసరైతే ఫ్లయిట్ మోడ్‌లో పెట్టాలి. లేకపోతే కూచిపూడి మధ్యలో రింగ్‌టోన్ హాలంతా మోగుతుంది. అన్ని పాటలూ ముందురోజే ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి ‘01 ప్రార్థన’, ‘02 కోలాటం’ అని వరస అంకెలతో పేర్లు పెట్టి, అవే పాటలు ఇంకో పెన్‌డ్రైవ్‌లో ఉంచండి.

12 ఎల్.ఇ.డి. పార్ లైట్లు, పైన చెప్పిన సౌండ్ కలిపి 7 కిలోవాట్ల లోపే ఉంటుంది. 15 కె.వి.ఎ. జనరేటరు చాలు. సౌండ్‌కూ లైట్లకూ వేరువేరు ఫేజులు ఇవ్వమనండి, ఒకే దాంట్లో పెడితే స్పీకర్లలో గుయ్యిమని శబ్దం వస్తుంది. ఆరుబయట అయితే లౌడ్‌స్పీకరుకు పోలీసు అనుమతి తీసుకోవాలి, రాత్రి 10కి ఆపేయాలి. కార్యక్రమం 9:15కి ముగిసేలా రాసుకుంటే 10 లోపు ముగుస్తుంది.

ప్రార్థన, జాతీయగీతం కూడా రిహార్సల్ చేయండి. జనగణమన 52 సెకన్లలో పాడాలి, స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే మన పిల్లలు చాలాసార్లు నిమిషం దాటిస్తారు. టాగూరు దాన్ని ఆంగ్లంలోకి మార్చింది 1919 ఫిబ్రవరిలో, మన మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో. అప్పటి ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాసింది కూడా అక్కడే. మన వైపు కాలేజీలు దాన్ని సరిగ్గా పాడాలని కోరడం ఎక్కువేమీ కాదు.

సినిమా వేస్తే కాపీరైటు గొడవ వస్తుందా అని అడుగుతుంటారు. 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ విద్యాసంస్థలకు వెసులుబాటు ఇచ్చింది. చూసేవాళ్లు విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, కాలేజీ పనులతో సంబంధమున్న వాళ్లు అయితే చాలు. టికెట్టు పెట్టి ఊరందరినీ పిలిస్తే మాత్రం వర్తించదు.

పత్రిక

మొదట గోడపత్రిక. 4×3 అడుగుల బోర్డు, నెలకొకసారి మార్చాలి, చేతిరాతే. అందులో వచ్చిన వాటిలోంచే ఏడాది చివర అచ్చు పత్రికకు ఏరుకోవచ్చు. మార్చిలో నోటీసు బోర్డుమీద ‘రచనలు పంపండి’ అని పెడితే వచ్చేవి ఇంటర్నెట్‌లోంచి దించిన అమ్మ కవితలే.

డెమ్మీ 1/8 సైజు, 64 పేజీలు, 70 జి.ఎస్.ఎం. (కాగితం బరువు కొలత) మ్యాప్‌లితో కాగితం, అట్ట 300 జి.ఎస్.ఎం. ఆర్ట్ కార్డు. పేజీలు 16 చొప్పున ఫారాలుగా అచ్చవుతాయి కాబట్టి 64 అంటే సరిగ్గా 4 ఫారాలు. 66 పేజీలు చేస్తే ఆ రెండు పేజీలకు దండగ. పేజీకి దాదాపు 200 మాటలు పడతాయి. కథ 800 మాటలు దాటొద్దని ముందే చెప్పండి.

అసలు చిక్కు అక్షరాల దగ్గర. పిల్లలు ఫోనులో యూనికోడ్‌లో టైపు చేస్తారు, డి.టి.పి. ఆపరేటరు ‘అను’ అనే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లలో పేజీలు కడతాడు. ఒకదానినుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతాయి, జంటక్షరాలు విరుగుతాయి, కొన్నిచోట్ల అక్షరమే ఎగిరిపోతుంది. కంటితో చదివితే మెదడు సరిచేసుకుని దాటేస్తుంది. ప్రూఫు ఇద్దరు చూడాలి: ఒకరు మూలం గట్టిగా చదవాలి, ఇంకొకరు అచ్చు కాగితం మీద వేలు పెట్టి గుర్తులు పెట్టాలి. మూడు ప్రూఫులు తప్పవు. మొదటిది విషయానికి, రెండోది అక్షరాలకు, మూడోది పేర్లు, శీర్షికలు, పేజీ అంకెలకు మాత్రమే. ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నలిగి వస్తాయి, డాక్యుమెంటుగా పంపించమనండి. 500 కాపీలకు ప్రెస్సువాళ్లు పది రోజులంటే పదిహేను వేసుకోండి.

విడుదల ఉగాది కవి సమ్మేళనంలో పెట్టుకుంటే పచ్చడి కూడా మీరే కలపాలి. 200 మందికి చిన్న కప్పుల లెక్కన బెల్లం 2 కిలోలు, కొత్త చింతపండు అర కిలో, మామిడికాయలు కిలో, వేపపువ్వు గుప్పెడు నిండుగా, ఉప్పు, కారం. వేపపువ్వు ఆఖర్న వేయాలి. ముందేస్తే చేదు దిగి పిల్లలు కప్పులు పక్కన పెట్టేస్తారు.

డబ్బు, అప్పగింత

వచ్చే మొత్తంలో పదోవంతు ముందే పక్కన పెట్టి ఫిబ్రవరి దాకా ముట్టుకోవద్దు. వారపు కూడికకు, వర్క్‌షాపులకు కలిపి మూడోవంతు కేటాయించి, వార్షికోత్సవం పేరుతో దాన్ని లాక్కోనివ్వకండి. అడ్వాన్సు ఇచ్చిన ప్రతిచోటా సంతకంతో రశీదు, ఖర్చు రాసిన రోజే పుస్తకంలోకి. సంతకాలు ఇద్దరివి, ఒక విద్యార్థి, ఒక అధ్యాపకుడు.

ఏప్రిల్ మొదటి బుధవారం రెండో సంవత్సరం వాళ్లను కూర్చోబెట్టి అప్పగించాల్సినవి: లెక్కల పుస్తకం, చీటీల పెట్టె, కళాకారుల ఫోన్ నంబర్ల పుస్తకం (ఎవరు ఏం నేర్పారు, ఎంత ఇచ్చాం అనేవి పక్కనే), నాటకం స్క్రిప్టులు ఎర్ర సిరా గుర్తులతో సహా, పెన్‌డ్రైవ్. కోలాటం కర్రలకు కొబ్బరినూనె రాసి, ఒక రోజు నీడన ఆరబెట్టి, గోనెసంచిలో కట్టి బీరువా పైఅరలో పెట్టండి. కింద పెడితే చెద పడుతుంది.